ఇంట్లో చేసుకున్న ప్రోగ్రామర్ పనిచేయడం లేదా? బాగు చేయాలా, ఆర్డుయినోతో గట్టెక్కాలా, కొత్తది కొనాలా

నల్లగొండలోనో పాలమూరులోనో చిప్‌లోకి కోడ్ డంప్ చేస్తుండగా సొంతంగా చేసుకున్న ప్రోగ్రామర్ (చిప్‌లోకి కోడ్ ఎక్కించే బోర్డు) మొరాయించిందంటే ముందున్న దారులు మూడు. దాన్నే బాగు చేసుకోవడం, చేతిలో ఉన్న ఆర్డుయినో యూనోతో పని కానిచ్చుకోవడం, రెడీమేడ్‌ది తెప్పించుకోవడం. కోఠి గుజరాతీ గల్లీకి పోవాలంటే రెండు ఊళ్ల నుంచీ సుమారు వంద కిలోమీటర్లు, రోజు గడిచిపోతుంది. ఆన్‌లైన్‌లో పెడితే రెండు మూడు రోజులు ఆగాలి. అందుకని పడేసి కొత్తది కొనమనే సలహా ఇక్కడ అన్నివేళలా కుదరదు. అట్లని ప్రతి పాత సర్క్యూట్‌నూ పట్టుకుని వేలాడటమూ దండగే. మీరు వాడే చిప్ ఏది, మీ ప్రోగ్రామర్ కంప్యూటర్ ఏ పోర్టు మీద ఆధారపడింది అన్న రెండు సంగతులు చూస్తే ఏ దారి పట్టాలో తేలిపోతుంది.

తప్పు ప్రోగ్రామర్‌దా, చిప్‌దా?

ఇది తేల్చకుండా టంకం కడ్డీ ముట్టుకోవద్దు. ప్రోగ్రామర్ పోయిందనుకున్న చాలా సందర్భాల్లో ప్రోగ్రామర్ బాగానే ఉంటుంది. వైరింగ్‌లోనో వేగంలోనో తేడా ఉంటుంది.

పరీక్షకు ఒక చిన్న బోర్డు శాశ్వతంగా ఉంచుకోండి. బాగుందని తెలిసిన ఏవీఆర్ రకం చిప్, ఏటీమెగా8 గానీ ఏటీమెగా328పీ గానీ, 28 పిన్ల ఐసీ బేస్‌లో పెట్టండి. 7, 20 పిన్లకు 5 వోల్టులు. 8, 22 పిన్లకు గ్రౌండ్. 1వ పిన్ నుంచి 5 వోల్టులకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. 7, 8 పిన్లకు ఆనించి 104 కెపాసిటర్ ఒకటి. చిప్‌లోకి డేటా వెళ్లే మోసీ 17వ పిన్, చిప్ నుంచి డేటా వచ్చే మిసో 18, క్లాక్ ఇచ్చే ఎస్‌సీకే 19, రీసెట్ 1. 20వ పిన్ ఏడీసీకి మాత్రమే అనుకుని వదిలేస్తుంటారు, వదలొద్దు. ఇంకో మాట: సీరియల్‌లో టీఎక్స్‌ను ఆర్ఎక్స్‌కు కలిపినట్టు ఇక్కడ తారుమారు చేయకూడదు. మోసీ మోసీకే, మిసో మిసోకే.

ఇప్పుడు ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్‌తో సిగ్నేచర్ (చిప్ ఏ రకమో చెప్పే మూడు బైట్ల గుర్తు) చదవండి. ఏటీమెగా328పీ అయితే 1ఈ 95 0ఎఫ్, ఏటీమెగా8 అయితే 1ఈ 93 07 రావాలి. వస్తే ప్రోగ్రామర్‌కు ఏమీ కాలేదు, లోపం మీ అసలు బోర్డులో ఉంది. 1ఈ 95 14 వస్తే మీ చేతిలో ఉన్నది చివర పీ లేని ఏటీమెగా328. చిప్ బాగున్నట్టే, సాఫ్ట్‌వేర్‌లో పేరు మార్చుకుంటే చాలు.

సిగ్నేచర్ తప్పుగా వచ్చినా అందులో సమాచారం ఉంటుంది. మూడూ ఎఫ్ఎఫ్‌లే అయితే చాలావరకు మిసో తీగ ఎక్కడో ఊడింది, గాల్లో వేలాడుతోంది. మూడూ 00 అయితే మిసో గ్రౌండ్‌కు తగులుతోంది, లేదా చిప్ అసలు పలకడం లేదు. కరెంటు, రీసెట్ చూడండి. చదివినప్పుడల్లా వేరే అంకెలు వస్తుంటే వేగం ఎక్కువైంది, లేదా గ్రౌండ్ సరిగా కలవలేదు, లేదా కేబుల్ మరీ పొడవు. కేబుల్ 30 సెంటీమీటర్లు దాటనివ్వకండి.

అందరూ బోల్తా పడేది వేగం దగ్గరే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త ఏటీమెగా328పీ లోపల 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్ ఉన్నా, 8తో భాగించే ఫ్యూజ్ (చిప్ లోపలి సెట్టింగ్) వేసి ఉంటుంది కాబట్టి అది నడిచేది 1 మెగాహెర్ట్జ్ మీద. ఎస్‌సీకే వేగం చిప్ క్లాక్‌లో నాలుగో వంతుకు లోపే ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ కంటే తక్కువ. యూఎస్‌బీ మీద నడిచే యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ మామూలుగా కొట్టేది 375 కిలోహెర్ట్జ్. అందుకే క్రిస్టల్ ఫ్యూజ్ వేసిన పాత చిప్ చక్కగా చదువుతుంది, డబ్బా విప్పిన కొత్త చిప్ చదవదు. జనం కొత్త చిప్‌నే డూప్లికేట్ అని తిడతారు. యూఎస్‌బీఏఎస్‌పీలో స్లో ఎస్‌సీకే జంపర్ పెట్టండి, లేదా ఏవీఆర్‌డ్యూడ్‌లో పెద్ద బీ (-B) ఆప్షన్‌కు 10 ఇవ్వండి. ఫ్యూజులు మార్చి చిప్‌ను 8 మెగాహెర్ట్జ్‌కో 16కో తెచ్చాక జంపర్ తీసేయవచ్చు. ఎస్‌సీకే పీరియడ్ సెట్ చేయలేమని, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చూసుకోమని వచ్చే హెచ్చరికను చూసి కంగారు పడొద్దు. బోర్డులో పాత ఫర్మ్‌వేర్ ఉందని దాని అర్థం, డంపింగ్ ఆగదు. కాకపోతే వేగం సాఫ్ట్‌వేర్‌తో మారదు, జంపరే దిక్కు.

బోరు మోటరు స్టార్టర్ బోర్డుల మీద పనిచేసేవాళ్లకు ఇక్కడే ఒక హెచ్చరిక. చవక ఆటో స్టార్టర్లలో, టైమర్లలో కొన్నిటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. పెద్ద కెపాసిటర్‌తో కరెంటు దించుతారు. అలాంటి బోర్డులో గ్రౌండ్ అనుకున్న తీగకే మెయిన్స్ తగులుతూ ఉండవచ్చు. దాన్ని ప్లగ్‌లో ఉంచి ప్రోగ్రామర్ కలిపితే ప్రోగ్రామర్, ల్యాప్‌టాప్ రెండూ పోతాయి, మనిషికీ ప్రమాదం. మెయిన్స్ పూర్తిగా తీసేయాలి, పెద్ద కెపాసిటర్ డిశ్చార్జ్ కావాలి, ఆ తర్వాతే ప్రోగ్రామర్ నుంచి 5 వోల్టులు ఇచ్చి డంప్ చేయాలి. వీలైతే చిప్‌ను బేస్‌లోంచి తీసి పరీక్ష బోర్డులో పెట్టి చేసుకోవడం ఇంకా మంచిది.

ఏది బాగు చేయదగ్గది

ప్రింటర్ పోర్టు మీద నడిచే ప్రోగ్రామర్, అంటే నాలుగైదు రెసిస్టర్లతోనో 74హెచ్‌సీ244 బఫర్‌తోనో చేసినదైతే, పాత డెస్క్‌టాప్ ఉన్న కాలేజీ ల్యాబ్‌లో తప్ప దాని మీద సమయం పెట్టొద్దు. ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టే లేదు. యూఎస్‌బీ నుంచి ప్రింటర్ పోర్టుకు మార్చే కేబుల్ ప్రింటర్‌కు డేటా పంపగలదు గానీ, ఒక్కో పిన్‌ను విడివిడిగా ఎగరేసి దించడం దానివల్ల కాదు. ఈ ప్రోగ్రామర్లకు కావాల్సింది సరిగ్గా అదే.

పిక్ చిప్‌ల కోసం సీరియల్ పోర్టు మీద చేసే జేడీఎమ్ సర్క్యూట్‌దీ ఇదే కథ. పిక్16ఎఫ్877ఏకు ప్రోగ్రామింగ్ సమయంలో 1వ పిన్ మీద సుమారు 13 వోల్టులు కావాలి. జేడీఎమ్ ఆ వోల్టేజీని సీరియల్ పోర్టులోంచే లాక్కుంటుంది. పాత డెస్క్‌టాప్‌ల పోర్టులు దాదాపు 12 వోల్టులు ఇచ్చేవి కాబట్టి నడిచింది. ఇప్పటి యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లలో అంత వోల్టేజీ ఉండదు. బయటి నుంచి 13 వోల్టులు ఇచ్చినా ఇంకో అడ్డంకి ఉంది: యూఎస్‌బీ మీద కంట్రోల్ లైన్ ఒక్కసారి మార్చడానికి ఒక మిల్లీసెకన్ దాకా పడుతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఆ ఆలస్యానికి ఆగిపోతాయి, ఆగనివి గంటల తరబడి నడుస్తాయి. దాన్ని వదిలేయండి.

ఇంట్లో చేసిన యూఎస్‌బీఏఎస్‌పీ సంగతి వేరు. ఇది కచ్చితంగా బాగు చేయదగ్గది. థామస్ ఫిష్ల్ ప్రచురించిన ఈ సర్క్యూట్‌లో ఉన్నవి ఏటీమెగా8, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పికోఫారడ్ కెపాసిటర్లు, డేటా లైన్లలో రెండు 68 ఓమ్‌లు, రెండు 3.6 వోల్టుల జెనర్లు, డీ మైనస్‌ను 5 వోల్టుల వైపు లాగే 2.2 కిలో ఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టర్, బయటికి వెళ్లే లైన్లలో 270 ఓమ్‌లు. మల్టీమీటర్ ఉంటే అరగంటలో లోపం దొరుకుతుంది. వెతకాల్సిన చోటును కంప్యూటరే చెబుతుంది.

బోర్డు గుచ్చినా కంప్యూటర్‌లో ఏ చప్పుడూ లేదు, ఏ సందేశమూ లేదు అంటే పుల్‌అప్ దాకా విషయం చేరలేదు. మొదట కేబుల్ మార్చండి. ఫోన్ ఛార్జింగ్ కేబుళ్లు కొన్నిటిలో డేటా తీగలే ఉండవు. తర్వాత 7వ పిన్ దగ్గర 5 వోల్టులు ఉన్నాయా చూడండి. ఆపైన డీ మైనస్ మీద వోల్టేజీ కొలవండి. దాదాపు 3 వోల్టులు ఉండాలి. 0.7 వోల్టుల దగ్గర ఉంటే జెనర్ తిరగేసి పెట్టి ఉండవచ్చు, సున్నా ఉంటే పుల్‌అప్ ఊడింది. తెగ్గోసిన యూఎస్‌బీ కేబుల్ వాడితే ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్. చవక కేబుళ్లు ఈ రంగులు పాటించవు, కంటిన్యుటీ పెట్టి నిర్ధారించుకోండి.

యూఎస్‌బీ పరికరం గుర్తించలేకపోయాం అన్న సందేశం వస్తే అది ఒకరకంగా శుభవార్తే. పుల్‌అప్ పనిచేస్తోంది, ఎవరో వచ్చారని కంప్యూటర్‌కు తెలిసింది. చిప్ జవాబు చెప్పలేకపోతోంది. కారణాలు ఎక్కువ సార్లు ఈ వరుసలో ఉంటాయి. మొదటిది, ఏటీమెగా8 ఫ్యూజులు మార్చలేదు, అది ఇంకా 1 మెగాహెర్ట్జ్ మీదే ఉంది. లో ఫ్యూజ్ ఈఎఫ్, హై ఫ్యూజ్ సీ9 ఉండాలి. రెండోది, డీ ప్లస్, డీ మైనస్ తారుమారు అయ్యాయి. డీ మైనస్ 14వ పిన్‌కు, డీ ప్లస్ 15వ పిన్‌కూ 4వ పిన్‌కూ వెళ్లాలి. 4వ పిన్ వైరు మరిచిపోవడం మామూలే. ఇంటరప్ట్ అందక ఫర్మ్‌వేర్ మౌనంగా కూర్చుంటుంది. మూడోది జెనర్. షాపులో అడిగితే ఒక వాట్‌ది చేతిలో పెడతారు, పెద్దది కదా మంచిదే అనిపిస్తుంది. దాని లోపలి కెపాసిటెన్స్ ఎక్కువ కావడంతో డేటా అంచులు మొద్దుబారతాయి. అర వాట్ లేదా అంతకన్నా చిన్నదే కావాలి. నాలుగోది, క్రిస్టల్ 12 కాకుండా వేరేది పెట్టడం. ఫర్మ్‌వేర్ 12కే కంపైల్ చేసి ఉంటుంది.

ఇవన్నీ సరిగా ఉండీ ఒక ల్యాప్‌టాప్‌లో పలికి ఇంకో దాంట్లో పలకకపోతే మధ్యలో పాత యూఎస్‌బీ 2 హబ్ పెట్టి చూడండి, చాలాసార్లు పలుకుతుంది.

పేరు కనిపించి పక్కన పసుపు గుర్తు ఉంటే హార్డ్‌వేర్‌ను ముట్టుకోవద్దు, అది డ్రైవర్ సమస్య. విండోస్‌లో జాడిగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో లిబ్‌యూఎస్‌బీ విన్32 డ్రైవర్ వేస్తే ఏవీఆర్‌డ్యూడ్‌కూ, డంప్ చేసే ఇంకో సాఫ్ట్‌వేర్ ప్రోగ్ఐఎస్‌పీకీ రెంటికీ సరిపోతుంది. లినక్స్‌లో డ్రైవర్ అక్కర్లేదు. అనుమతి లేదన్న మాట వస్తే యూడెవ్ రూల్ (పరికరానికి అనుమతి ఇచ్చే ఫైలు) రాయాలి.

యూనోతో గట్టెక్కడం

ఆర్డుయినో యూనో ఉంటే ఈ రోజే పని అయిపోతుంది. ఉదాహరణల్లో ఉన్న ఆర్డుయినోఐఎస్‌పీ స్కెచ్‌ను యూనోలోకి మామూలుగా ఎక్కించండి. ఆ తర్వాత, ఎక్కించక ముందు కాదు, రీసెట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ కాలు రీసెట్ వైపు. ఇది లేకపోతే ఏవీఆర్‌డ్యూడ్ పోర్టు తెరవగానే యూనో రీసెట్ అవుతుంది, బూట్‌లోడర్ మేల్కొని తనకే ప్రోగ్రామ్ వస్తోందనుకుంటుంది. తీగలు: యూనో 10వ పిన్ నుంచి టార్గెట్ (కోడ్ ఎక్కాల్సిన చిప్) రీసెట్‌కు, 11 మోసీ, 12 మిసో, 13 ఎస్‌సీకే, 5 వోల్టులు, గ్రౌండ్.

ప్రోగ్రామర్ మెనూలో ఆర్డుయినో యాజ్ ఐఎస్‌పీ ఎంచుకోవాలి. దాని పక్కనే ఆర్డుయినోఐఎస్‌పీ అని ఇంకోటి ఉంటుంది, అది వేరే పరికరం. సింక్‌లో లేదని తప్పు వస్తే కెపాసిటర్, కామ్ పోర్టు, 19200 బాడ్ ఈ మూడే చూడండి. టార్గెట్ వైపు చూడాల్సిన పని లేదు, కంప్యూటర్‌కూ యూనోకూ మధ్యే మాట కలవలేదు.

యూనో పద్ధతిలో ఒక లాభం ఎవరూ చెప్పుకోరు. ఆ స్కెచ్ ఎస్‌సీకేను సుమారు 166 కిలోహెర్ట్జ్ వద్ద నడుపుతుంది, కాబట్టి ఫ్యాక్టరీ నుంచి వచ్చిన 1 మెగాహెర్ట్జ్ చిప్‌ను ఏ జంపరూ లేకుండా చదువుతుంది. నష్టం ఏమిటంటే పెద్ద ఫైళ్లకు నెమ్మది, పైగా బ్రెడ్‌బోర్డు మీద ఆరు తీగలు రోజూ పీకి పెట్టుకోవాలి. నెలకు ఒకటి రెండు చిప్‌లు డంప్ చేసేవాళ్లకు ఇదే చాలు. రోజూ చేసేవాళ్లకు చిరాకు.

ఇంట్లో యూఎస్‌బీఏఎస్‌పీ చేసుకోవాలన్నా ముందు యూనో లాంటిది ఒకటి ఉండాల్సిందే. దానిలోని ఏటీమెగా8లోకి మొదటి ఫర్మ్‌వేర్‌ను వేరే ప్రోగ్రామరే ఎక్కించాలి కదా.

కొనాలనుకుంటే ఏది

ఏవీఆర్‌కు రెడీమేడ్ యూఎస్‌బీఏఎస్‌పీ. చవకగా కొన్ని వందల్లో వస్తుంది. దాని మీద 3.3, 5 వోల్టుల జంపర్ చూసి మోసపోవద్దు. చాలా బోర్డుల్లో అది టార్గెట్‌కు ఇచ్చే సప్లైను మాత్రమే మారుస్తుంది. లోపలి ఏటీమెగా8 5 వోల్టుల మీదే నడుస్తుంది కాబట్టి డేటా లైన్లు 5 వోల్టుల్లోనే ఉంటాయి. మీ బోర్డు మీద ఎస్‌డీ కార్డో, 3.3 వోల్టుల రేడియో మాడ్యూలో అదే లైన్ల మీద ఉంటే తీసేసి డంప్ చేయండి. పది పిన్ల కేబుల్‌లో మోసీ 1, సప్లై 2, రీసెట్ 5, ఎస్‌సీకే 7, మిసో 9, గ్రౌండ్ 10. కేబుల్‌లో ఎర్ర గీత ఉన్న వైపు 1.

8051 ప్రాజెక్టులకు ఏటీ89ఎస్52 వాడుతుంటే మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, మధ్యలో ఎస్ ఉండాలి. ఏటీ89సీ51ను ఈ ప్రోగ్రామర్లు ఏవీ డంప్ చేయలేవు, దానికి ప్యారలల్ పద్ధతి కావాలి. రెండు, ఏవీఆర్‌లో రీసెట్ కిందికి దించితే ప్రోగ్రామింగ్ మొదలవుతుంది, 89ఎస్52లో పైకి లేపాలి. కొనేముందు ఆ బోర్డు ఫర్మ్‌వేర్ 89ఎస్52ను నడుపుతుందా అని అడగండి. నడిపేదైతే ప్రోగ్ఐఎస్‌పీతో పని అవుతుంది. మూడు, ఈ చిప్‌కు సొంత ఆసిలేటర్ లేదు. క్రిస్టల్ 18, 19 పిన్ల మీద లేకుండా సిగ్నేచర్ కూడా చదవదు. ఎస్‌సీకే క్రిస్టల్‌లో 16వ వంతుకు లోపు ఉండాలి, 11.0592 మెగాహెర్ట్జ్ పెడితే దాదాపు 691 కిలోహెర్ట్జ్ దాకా వెసులుబాటు ఉంది, 375 ఇబ్బంది లేదు. తీగలు మోసీ 6, మిసో 7, ఎస్‌సీకే 8, రీసెట్ 9. డంప్ అయ్యింది గానీ ప్రోగ్రామ్ నడవడం లేదంటే 31వ పిన్‌ను 5 వోల్టులకు కలిపారో లేదో చూడండి.

పిక్ వాడితే పిక్‌కిట్ కొనండి, ఇక్కడ సొంతంగా చేసుకోవడంలో లాభం లేదు. పాత 16ఎఫ్ చిప్‌లకు పిక్‌కిట్ 2 నకళ్లు దాని సొంత సాఫ్ట్‌వేర్‌తో చక్కగా నడుస్తాయి. పిక్‌కిట్ 3 తీసుకుంటే ఎమ్‌పీల్యాబ్ ఎక్స్ సాఫ్ట్‌వేర్ 6.20 వెర్షన్ దగ్గరే ఆగాలి, ఆ తర్వాతి వాటిలో దానికి స్థానం లేదు. చిప్ ఐడీ సున్నా వస్తుంటే ముందు మీ బోర్డులో 1వ పిన్ మీద ఉన్న రీసెట్ కెపాసిటర్ పీకేయండి. 13 వోల్టులు వేగంగా ఎక్కకుండా అదే అడ్డుపడుతుంది. అక్కడి పుల్‌అప్ 10 కిలో ఓమ్‌లు ఉండాలి, దానితో వరుసలో ఒక 1ఎన్4148 డయోడ్ ఉంటే 13 వోల్టులు 5 వోల్టుల లైన్‌లోకి పారవు.

నల్లటి సీహెచ్341ఏ బోర్డు ఈఈప్రామ్, ఫ్లాష్ మెమరీ చిప్‌లకు మంచిది. కొత్త ఏవీఆర్‌డ్యూడ్ దాన్ని ఏవీఆర్ ప్రోగ్రామర్‌గానూ గుర్తిస్తుంది గానీ దాని వేగం తగ్గదు. చిప్ కనీసం 6.8 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుండాలి, అంటే కొత్త ఏటీమెగా328పీకి పనికిరాదు. ఈ ఒక్క కారణంతో దాన్ని ఏవీఆర్ కోసం కొనొద్దు. ఎస్‌టీఎమ్32 వాళ్లకు ఎస్‌టీ లింక్, ఈఎస్‌పీ32 వాళ్లకు యూఎస్‌బీ కేబులే. వాటికి ఈ గొడవలేవీ లేవు.

ఏ ప్రోగ్రామరూ కాపాడలేని చిప్

తప్పు ఫ్యూజ్ వేసుకుని ప్రోగ్రామర్ మీద నెపం వేయడం కూడా ఉంది. క్రిస్టల్ ఫ్యూజ్ వేసి క్రిస్టల్ పెట్టకపోతే చిప్ చచ్చినట్టే కనిపిస్తుంది. 9, 10 పిన్ల మధ్య 8 లేదా 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, రెండు 22 పికోఫారడ్‌లు పెడితే లేచి కూర్చుంటుంది. బయటి క్లాక్ ఫ్యూజ్ వేస్తే క్రిస్టల్ సరిపోదు. ఇంకో యూనోలో టైమర్ 1తో 9వ పిన్ మీద 8 మెగాహెర్ట్జ్ స్క్వేర్ వేవ్ తీసి టార్గెట్ 9వ పిన్‌కు ఇచ్చి, గ్రౌండ్లు కలిపి, అప్పుడు ఫ్యూజ్ సరిచేయండి. రీసెట్ పిన్‌నే మామూలు పిన్‌గా మార్చే ఫ్యూజ్ వేస్తే యూఎస్‌బీఏఎస్‌పీ, యూనో స్కెచ్ రెండూ చేతులెత్తేస్తాయి. ఏటీటైనీ85లో ఒక పిన్ కలిసొస్తుందని ఈ పని ఎక్కువగా చేస్తుంటారు. దానికి 12 వోల్టుల హై వోల్టేజీ పద్ధతి కావాలి. ఒక్క చిప్ కోసం ఆ సర్క్యూట్ కట్టడం కంటే కొత్త చిప్ కొనడం చవక. పది చిప్‌లు అలా పోగుపడితే కట్టండి.

ఎవరికి ఏది

పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ ప్రాజెక్టు వాళ్లు, గడువు వారంలోపు ఉంటే, యూనోతో ముగించండి. బాగుచేత పరీక్షల తర్వాత పెట్టుకోవచ్చు. జడ్చర్లలోనో మిర్యాలగూడలోనో స్టార్టర్ బోర్డులు, ఇన్వర్టర్ బోర్డులు రిపేర్ చేసే షాపుకు ఒకటి సరిపోదు. కొన్న యూఎస్‌బీఏఎస్‌పీ రెండు, పిక్‌కిట్ ఒకటి ఉంచుకోండి. బోర్డుల్లో పిక్‌లు, ఏవీఆర్‌లు రెండూ తగులుతాయి, పైగా ఒక యూఎస్‌బీఏఎస్‌పీ చెడితే రెండోదే దాన్ని మళ్లీ ఎక్కిస్తుంది. నేర్చుకోవడానికే చేస్తున్నవాళ్లు ఇంట్లో చేసిన యూఎస్‌బీఏఎస్‌పీని తప్పకుండా బాగు చేయండి. ఫ్యూజులు, క్లాక్, యూఎస్‌బీ మూడూ ఒకే బోర్డు మీద అర్థమవుతాయి.

కోఠికి ఎవరైనా పోతుంటే ఈ చీటీ ఇచ్చి పంపండి: ఏటీమెగా8ఏ 2, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు 2, 16 మెగాహెర్ట్జ్‌వి 2, 22 పికోఫారడ్ 10, 104 కెపాసిటర్లు 10, 3.6 వోల్టుల అర వాట్ జెనర్లు 6, 68 ఓమ్‌లు 5, 270 ఓమ్‌లు 10, 2.2 కిలో ఓమ్‌లు 5, 10 కిలో ఓమ్‌లు 10, 10 మైక్రోఫారడ్ 25 వోల్టులవి 3, 1ఎన్4148 డయోడ్లు 10, 28 పిన్ల సన్న బేస్‌లు 4, పది పిన్ల బాక్స్ హెడర్లు 2. జెనర్ దగ్గర మాత్రం అర వాట్ అని రెండుసార్లు చెప్పండి.